ఎగరక ముందే మొదలైన ప్రమాదం

నార్త్ కరోలినాలోని క్యారీ పేరు ఇవాళ తెలుగువాళ్లకి కొత్త కాదు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగాలకు వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలు, 2009లో తెరుచుకున్న శ్రీ వేంకటేశ్వర స్వామి గుడి, 2022లో ఆ గుడికి లేచిన 87 అడుగుల రాజగోపురం, పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు దిగే రాలీ-డర్హమ్ విమానాశ్రయం, వీటన్నిటి వల్ల ఆ ఊరి పేరు మన ఇళ్లలో తరచూ వినపడుతుంది. గుడి కట్టడానికి చాలా ఏళ్ల ముందు, 1988 ఫిబ్రవరి 19 రాత్రి తొమ్మిదిన్నర కావస్తుండగా, ఆ విమానాశ్రయం నుంచి రిచ్‌మండ్‌కి బయల్దేరిన ఒక చిన్న విమానం గాల్లోకి లేచిన నిమిషంలోపే కూలిపోయింది. అది ఫెయిర్‌చైల్డ్ మెట్రో-3 రకం, రెండు టర్బోప్రాప్ ఇంజన్లతో 19 మంది ప్రయాణికులను మోయగలది. ఆ రాత్రి అందులో ఉన్నది పదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు. రన్‌వే మధ్య భాగానికి పడమరగా 5,100 అడుగుల దూరంలో, క్యారీ దగ్గరున్న జలాశయంలో, ఒడ్డుకి వంద అడుగుల లోపే పడింది. పన్నెండుమందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇలాంటి వార్త వచ్చిన మర్నాడు అందరి నోటా వినిపించే మాట ‘పైలట్ తప్పిదం’. ఈ ప్రమాదంలోనూ ఆ మాట అబద్ధం కాదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, నెలల తరబడి దర్యాప్తు చేసి చెప్పిన మొదటి కారణం పైలట్లదే. విమానం వెళ్లాల్సిన దారిలో వాళ్లు దాన్ని నిలపలేకపోయారు. నడుపుతున్న ఫస్ట్ ఆఫీసర్ పరికరాలను చూడాల్సిన తీరులో చూడలేదు, పక్కనున్న కెప్టెన్ కనిపెట్టి ఉండాల్సినంతగా కనిపెట్టి లేరు, విమానంలోని ఒక రక్షణ వ్యవస్థలో లోపం ఉందని అనుకుని ఇద్దరూ దానికి స్పందించారు. అయితే మండలి అక్కడితో ఆగలేదు. ఆ ఫస్ట్ ఆఫీసర్ విమానం నడపడంలో ఇబ్బంది పడుతున్నట్టు కాగితం మీద నమోదై ఉన్నా కంపెనీ పట్టించుకోలేదనీ, కంపెనీ మీద నిఘా ఉంచాల్సిన ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ ఆ పని సరిగా చేయలేదనీ కూడా రాసింది. నివేదికలో ఈ రెండో భాగమే నాకు అసలైనదిగా కనిపిస్తుంది. టేకాఫ్‌లో జరిగే ప్రమాదానికి గాల్లో ఉన్న వ్యవధి అతి తక్కువ కాబట్టి, దాన్ని ఆపగలిగే అవకాశాలు దాదాపు అన్నీ నేలమీదే, అంతకుముందు రోజుల్లోనే ఉంటాయి. పైలట్ పేరు దగ్గర విచారణ ముగించేస్తే ఆ అవకాశాలన్నీ మన కంటికి కనిపించకుండా పోతాయి.

టేకాఫ్ ఎందుకంత ఇరుకైన సమయమో కొంచెం దగ్గరగా చూడాలి. పైన ముప్పై వేల అడుగుల ఎత్తులో ఏదైనా తేడా వస్తే, కిందున్న ఆ ఎత్తే పైలట్‌కి సమయంగా పనికొస్తుంది. కొన్ని వేల అడుగులు కోల్పోయినా విమానాన్ని మళ్లీ నిలబెట్టుకోవచ్చు. నేల వదిలిన మొదటి నిమిషంలో ఆ నిల్వ ఉండదు. వేగం తక్కువ, ఎత్తు తక్కువ, ఇంజన్లు పూర్తి బలంతో పనిచేస్తుంటాయి, చక్రాలు లోపలికి తీయాలి, కంట్రోల్ టవర్ చెప్పిన దిశకి మలుపు తిప్పాలి. ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ రాత్రి రాలీలో చీకటి, దానికి తోడు కిందికి దిగిన మబ్బు. అద్దంలోంచి చూస్తే నేల ఏదో ఆకాశం ఏదో తెలియని స్థితి. అలాంటప్పుడు ఒంటికి తోచేదాన్ని నమ్మకూడదు. మన చెవి లోపలి భాగం మలుపు మొదలవడాన్ని పసిగడుతుంది కానీ, అదే మలుపు నిలకడగా సాగుతుంటే కొద్ది క్షణాల్లోనే ‘నేను తిన్నగానే ఉన్నాను’ అని చెప్పడం మొదలుపెడుతుంది. వేగం పుంజుకుంటున్న విమానంలోనైతే ముక్కు పైకి లేస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. అది నమ్మిన చెయ్యి విమానం ముక్కుని కిందికి వంచుతుంది.

అందుకే మబ్బులో ఎగిరేవాళ్లకి మొదట నేర్పేది చూపు తిప్పడం. ఎదురుగా కృత్రిమ క్షితిజం చూపించే గడియారం, దాని చుట్టూ వేగం, ఎత్తు, దిశ, ఎక్కుతున్నామా దిగుతున్నామా చెప్పే ముళ్లు. కన్ను మధ్య గడియారం దగ్గర మొదలై ఒక్కో ముల్లునీ పలకరించి మళ్లీ మధ్యకు రావాలి, ఎక్కడా నిలిచిపోకూడదు. మలుపులో ఈ పని మరీ ముఖ్యం. విమానం ఒక పక్కకి ఒరిగితే రెక్కలు పుట్టించే బలం కూడా ఆ పక్కకే ఒరుగుతుంది. నలభై అయిదు డిగ్రీలు ఒరిగితే, ఎత్తు కోల్పోకుండా ఉండాలంటే ఆ బలం తిన్నగా ఎగిరేటప్పటికంటే దాదాపు 1.4 రెట్లు కావాలి. ఒరుగు ఎంత పెరిగిందో గమనించకపోతే విమానం మలుపు తిరుగుతూనే నిశ్శబ్దంగా కిందికి జారుతుంది. వంద అడుగుల్లో దాన్ని గమనించకపోతే ఇక గమనించే సమయమే ఉండదు.

దీనికి తోడు ఆ రక్షణ వ్యవస్థ సంగతి. మెట్రో విమానంలో స్టాల్ కాకుండా కాపాడే ఏర్పాటు ఒకటి ఉంది. రెక్క మీద గాలి పట్టు తప్పే పరిస్థితి దగ్గరపడిందని అది అనుకుంటే, పైలట్ చేతిలోని కంట్రోల్‌ని తానే ముందుకు నెట్టి ముక్కుని దించుతుంది. ఎత్తులో ఉన్నప్పుడు అది ప్రాణరక్షణ. నేలకి కొద్ది అడుగుల ఎత్తులో, అదీ పొరపాటున పనిచేస్తే ప్రాణాంతకం. కనుక దానిలో లోపం ఉందేమోనన్న అనుమానమే పైలట్ల ధ్యాసని లాగేయగలదు. ధ్యాస అటు వెళ్లిన ఆ కొన్ని సెకన్లు విమానాన్ని ఎవరూ నడపనట్టే. ఇది మనకి పరాయి పాఠం కాదు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి అయిదుగురూ మరణించినప్పుడు విచారణ జరిపిన కమిటీ కూడా, ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి సంబంధించిన హెచ్చరికను తేల్చుకోవడంలో పైలట్ల ధ్యాస చిక్కుకుపోయి కీలకమైన నిమిషాలు గడిచిపోయాయని చెప్పింది. ఆ నిమిషాల్లోనే హెలికాప్టర్ ప్రమాదకరమైన వాతావరణంలోకి వెళ్లింది. యంత్రం ఒక ప్రశ్న వేసినప్పుడు ఒకరు దాని సంగతి చూసుకోవాలి, రెండోవారు విమానాన్ని వదలకూడదు. ఈ పని విభజన కాక్‌పిట్‌లో అప్పటికప్పుడు పుట్టదు. పదేపదే సాధన చేయిస్తేనే చేతికి వస్తుంది, చేయించాల్సింది కంపెనీ.

ఆ కంపెనీ పేరు ఏవీఎయిర్. ప్రయాణికుల టికెట్ మీద మాత్రం కనిపించేది అమెరికన్ ఈగిల్ పేరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1987లో రాలీ-డర్హమ్‌ని తన కేంద్రాల్లో ఒకటిగా చేసుకుంది. పెద్ద విమానాలకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రయాణికుల్ని తెచ్చి అందించే పని చిన్న కంపెనీలది. 1978లో విమానయానం మీద నియంత్రణలు ఎత్తేశాక అమెరికా అంతటా పెరిగిన ఏర్పాటు ఇదే. పెద్ద కంపెనీ పేరు, రంగులు చిన్న విమానం మీదికి వచ్చాయి కానీ భద్రతా నిబంధనలు అలా రాలేదు. ముప్పై సీట్ల లోపు విమానాలకి అప్పట్లో ఎఫ్‌ఏఏ నిబంధనలే వేరు, పెద్ద విమానాలకున్నంత కఠినమైనవి కావు. ఒకే కౌంటర్‌లో ఒకే పేరుతో టికెట్ కొన్న ఇద్దరు ప్రయాణికులకి రెండు రకాల భద్రత అందేది, ఆ సంగతి వాళ్లకి తెలిసేది కాదు. ఈ తేడాని తొలగించే నిబంధన 1995 డిసెంబర్‌లో గానీ రాలేదు. పది సీట్లు, ఆపైన ఉండి వేళ ప్రకారం నడిచే విమానాలన్నిటినీ అప్పుడు పెద్దవాటి నిబంధనల కిందికి తెచ్చారు.

ఆ నిబంధన రావడానికి ముందు ఇదే విమానాశ్రయం దగ్గర మరో విమానం కూలింది. 1994 డిసెంబర్ 13న గ్రీన్స్‌బరో నుంచి వస్తూ, క్యారీ పొరుగూరు మోరిస్‌విల్ దగ్గర పడిన జెట్‌స్ట్రీమ్ రకం చిన్న విమానం అది. అందులోని ఇరవైమందిలో పదిహేనుమంది చనిపోయారు. దాన్ని నడిపింది ఫ్లాగ్‌షిప్ ఎయిర్‌లైన్స్, టికెట్ మీద పేరు మళ్లీ అమెరికన్ ఈగిలే. ఫ్లైట్ నెంబర్ 3379. 1988లో కూలిన విమానం నెంబర్ 3378. నెంబర్లు పక్కపక్కన పడటం కాకతాళీయం. నివేదికలు ఒకదాన్నొకటి పోలి ఉండటం మాత్రం కాకతాళీయం కాదు. హెచ్చరిక దీపం చూసి ఒక ఇంజన్ ఆగిపోయిందని కెప్టెన్ పొరబడ్డారు, ఆ తర్వాత చేయాల్సినవి చేయలేదు. ఆ కెప్టెన్ సామర్థ్యం గురించి అంతకుముందు పనిచేసిన కంపెనీలోనే సందేహాలు నమోదై ఉన్నాయి. కొత్త కంపెనీ ఆ కాగితాలు అడగలేదు. పైలట్ల పనితీరులోని లోపాలను గుర్తించి, రాసి పెట్టి, సరిదిద్దడంలో యాజమాన్యం విఫలమైందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంకాస్త వెనక్కి వెళ్తే, క్యారీ ప్రమాదానికి మూడు నెలల ముందు, 1987 నవంబర్ 15న డెన్వర్‌లో మంచు కురుస్తుండగా టేకాఫ్ చేస్తూ కూలిన కాంటినెంటల్ డీసీ-9 కథ ఉంది. అక్కడ 28 మంది చనిపోయారు. విమానాన్ని లేపిన ఫస్ట్ ఆఫీసర్‌ని అంతకుముందు ఒక చిన్న కంపెనీ ఉద్యోగం నుంచి తొలగించింది. ఆ విషయం కాంటినెంటల్‌కి తెలియలేదు. మూడు ప్రమాదాలకీ వాతావరణం వేరు, విమానం వేరు, చేసిన పొరపాటు వేరు. మూడింటిలోనూ పైలట్ బలహీనత అంతకుముందే ఎక్కడో ఒక చోట రాసి ఉంది, ఆ రాసింది చదవాల్సినవాళ్ల చేతికి మాత్రం చేరలేదు. చేరినచోట కంపెనీ కదల్లేదు.

జరిగిపోయాక వెనక్కి తిరిగి చూస్తే అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి గదా అని ఒక ఆక్షేపణ ఉంది, న్యాయమైనదే. శిక్షణలో తడబడినవాళ్లు వేలమంది ఉంటారు, వాళ్లలో అత్యధికులు జీవితాంతం ఏ ప్రమాదమూ లేకుండా నడిపి రిటైరవుతారు. ఒక పరీక్ష తప్పారని ఎవరినైనా ప్రమాదకారి అనడం అన్యాయం. నేను ఒప్పుకుంటాను. అయితే కంపెనీ ముందున్న దారులు రెండే కావు. ఉద్యోగం తీసేయడానికీ కళ్లు మూసుకోవడానికీ మధ్య చాలా చేయవచ్చు. సిమ్యులేటర్‌లో అదనపు గంటలు ఇవ్వవచ్చు, చీకటి రాత్రి మబ్బులో టేకాఫ్‌ని పదిసార్లు చేయించవచ్చు, ఓపికగా సరిదిద్దగల సీనియర్ కెప్టెన్‌తోనే కొన్నాళ్లు పంపవచ్చు, వాతావరణం బాగాలేని రోజు కెప్టెన్‌నే నడపమనవచ్చు. ఇందులో దేనికీ భవిష్యత్తు తెలియాల్సిన పనిలేదు, ముందున్న కాగితం చదివితే చాలు. ఎన్‌టీఎస్‌బీ ఏవీఎయిర్‌ని తప్పుబట్టింది జోస్యం చెప్పలేకపోయినందుకు కాదు, తన దగ్గరున్న సమాచారానికి స్పందించనందుకు.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. ప్రతి తప్పూ రికార్డులోకి ఎక్కి జీవితాంతం వెంటాడుతుందని తెలిస్తే పైలట్లు తప్పులు దాచడం నేర్చుకుంటారు, దాచిన తప్పు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఇది ఊహ కాదు, విమానయానం అనుభవంతో గ్రహించిన విషయమే. అందుకే 1976 నుంచి అమెరికాలో నాసా ఒక ఏర్పాటు నడుపుతోంది. పైలట్ గానీ కంట్రోలర్ గానీ తమకి జరిగిన పొరపాటును వాళ్లంతట వాళ్లే రాసి పంపితే, పేర్లు తీసేసి అందులోని పాఠాన్ని అందరికీ పంచుతారు. దాన్ని ఎఫ్‌ఏఏకి కాకుండా నాసాకి అప్పగించడంలోనే తెలివి ఉంది, శిక్షించే చేతికి ఆ కాగితం అందదు. ఈ రక్షణ ఉండాల్సిందే, మన దేశంలో ఇంకా గట్టిగా ఉండాలి. కానీ తానుగా చెప్పుకున్న పొరపాటూ, పరీక్షకుడు పక్కన కూర్చుని చూసి ‘ఇంకా సిద్ధంగా లేరు’ అని రాసిన మాటా ఒకే గాటన కట్టాల్సినవి కావు. మొదటిది పైలట్ ఇచ్చిన కానుక, దాన్ని కాపాడాలి. రెండోది ప్రయాణికుల తరఫున చేసిన పరీక్ష ఫలితం. అది రహస్యంగా ఉంటే పరీక్ష పెట్టి ప్రయోజనం ఏమిటి?

మోరిస్‌విల్ ప్రమాదం తర్వాత 1996లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పైలట్‌ని తీసుకునే ముందు పాత యజమానుల దగ్గర అయిదేళ్ల రికార్డు తెప్పించుకోవడం తప్పనిసరి అయింది. చట్టంలో ఒక కన్నం మిగిలిపోయింది. లైసెన్సు కోసం ఎఫ్‌ఏఏ పెట్టే పరీక్షల్లో తప్పిన సంగతి పాత యజమాని కాగితాల్లో ఉండదు. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ విమానం కూలి, ఇంట్లో ఉన్న ఒకరితో కలిపి యాభైమంది చనిపోయినప్పుడు తేలింది ఇదే. స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు ముక్కు దించాల్సిన కెప్టెన్ పైకి లాగారు. ఆయన తప్పిన పరీక్షల్లో కొన్ని కంపెనీకి తెలియవు. మృతుల కుటుంబాలు వాషింగ్టన్‌లో పట్టువదలకుండా తిరిగి 2010 చట్టాన్ని సాధించాయి. ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా 1,500 గంటల అనుభవం ఉండాలన్నది అందులో బాగా ప్రచారమైన నిబంధన. గంటలు నైపుణ్యానికి కొలత కాదని దాన్ని విమర్శించేవాళ్లు చెప్పేది నిజం. కూలిన కోల్గన్ విమానంలో ఇద్దరికీ అంతకు మించిన గంటలే ఉన్నాయి. అంతగా ప్రచారం కాని మరో నిబంధనే నా దృష్టిలో విలువైనది. ప్రతి పైలట్ పరీక్షల చరిత్రనీ ఒకే చోట ఉంచే జాతీయ రికార్డు అది. దాని నియమాలు 2021 దాకా పూర్తికాలేదు. ఈ జాప్యానికి మూల్యం ఉంది. 2019 ఫిబ్రవరి 23న హ్యూస్టన్ దగ్గర అట్లాస్ ఎయిర్ సరుకు విమానం కూలి ముగ్గురు మరణించారు. వేగం పెరిగినప్పుడు ముక్కు లేస్తున్నట్టు భ్రమపడిన ఫస్ట్ ఆఫీసర్ దాన్ని నేలవైపు తోశారు. పాత కంపెనీల్లో శిక్షణలో తప్పిన సంగతి ఆ పైలట్ దాచారు. జాతీయ రికార్డుని వేళకి అమలు చేయకపోవడం కూడా ఈ ప్రమాదానికి దోహదం చేసిందని ఎన్‌టీఎస్‌బీ సూటిగా రాసింది.

మన దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడిప్పుడే పెద్దదవుతోంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు లేచిన రోజునే హైదరాబాద్-కడప సర్వీసు మొదలైంది. చిన్న ఊళ్లకి చిన్న విమానాలు, పెద్ద కంపెనీకి ప్రయాణికుల్ని అందించే చిన్న కంపెనీలు, తొందరగా కావాల్సిన పైలట్లు: 1980ల అమెరికా నడిచిన దారిలోనే మనమూ నడుస్తున్నాం. ఇక్కడ కమర్షియల్ లైసెన్సుకి కావాల్సింది 200 గంటలు. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సు సంపాదించిన పైలట్లు పట్టుబడ్డాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తనిఖీలు పెంచింది. 2025 ఫిబ్రవరిలో మన శ్రీకాకుళం ఎంపీ, పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పైలట్లకి ఎలక్ట్రానిక్ లైసెన్సు ప్రారంభించారు. నకిలీలను అరికట్టడానికి అది మంచి అడుగు. అయితే ఫోన్‌లో కనిపించే లైసెన్సు ఆ పైలట్‌కి అర్హత ఉందని చెబుతుంది గానీ ఆ అర్హత ఎన్ని ప్రయత్నాల తర్వాత వచ్చిందో, ఏ పరీక్షలో దేని దగ్గర తడబడ్డారో, ఆ తర్వాత ఏ శిక్షణ ఇచ్చి సరిదిద్దారో చెప్పదు. కొత్తగా ఉద్యోగమిచ్చే కంపెనీ ఆ చరిత్ర చూడటం తప్పనిసరి కావాలి, చూసి ఏం చేసిందో రాసి ఉంచాలి, డీజీసీఏ ఇన్‌స్పెక్టర్ ఏటా వచ్చి ఆ రాసిన దాన్ని అడగాలి. పైలట్‌కి కూడా తన రికార్డు చూసుకునే హక్కు, అందులో తప్పుంటే దిద్దించుకునే హక్కు ఉండాలి. ఖర్చు అవుతుందని చిన్న కంపెనీలు అంటాయి, అవుతుంది కూడా. ఆ ఖర్చు కంపెనీ మీదే వదిలేస్తే కష్టాల్లో ఉన్న కంపెనీ మొదట కోత పెట్టేది శిక్షణకే. చిన్న ఊళ్ల సర్వీసులకి ఇచ్చే రాయితీలో కొంత భాగాన్ని సిమ్యులేటర్ గంటలకి కట్టేస్తే ఆ వాదనకి చోటుండదు.